దయ్యం కాళ్లు ఎక్కడికి పోయాయి: జపాన్ చెక్కఅచ్చుల పనితనం

సభకు నమస్కారం.

జపాన్ దయ్యాల బొమ్మ చూడగానే వేసిందెవరని అడుగుతాం. హొకుసాయ్, కునియోషి, యోషితోషి అని జవాబొస్తుంది. నిజమే, కానీ మన చేతిలో ఉన్న కాగితాన్ని వాళ్ల కుంచె తాకనే లేదు. చిత్రకారుడు పల్చటి కాగితం మీద నల్లసిరాతో గీసిస్తాడు. దాన్ని అడవి చెర్రీ పలక మీద బోర్లా అంటించి, గీతలు మాత్రం నిలిచేలా చెక్కుతారు. అసలు బొమ్మ ఉలి కిందే పోతుంది. ఆ తర్వాత దయ్యాన్ని నిలబెట్టాల్సింది చెక్కేవాడు, అచ్చువేసేవాడు. ఈ పూట వాళ్ల పని గురించి చెబుతాను.

ఒకికుని తీసుకుందాం. పది పళ్లేల్లో ఒకటి పోయిందన్న నింద మీద చచ్చి బావిలో పడ్డ పనిపిల్ల. రాత్రిపూట బావిలోంచి లేచి తొమ్మిది దాకా లెక్కపెడుతుంది, పదోది ఉండదు. హొకుసాయ్ 1831–32 ప్రాంతంలో 'హ్యాకు మొనొగతారి' అనే వరుసలో ఆమెను వేశాడు. ఆ మాటకు నూరు కథలని అర్థం. మనకు తెలిసినవి ఐదు బొమ్మలే. అందులో ఆమె మెడే ఆ పళ్లేల వరుస. జుట్టు వాటిని చుట్టుకుని పాములా పైకి లేస్తుంది.

ఆ జుట్టు దగ్గరే చెక్కేవాడి సత్తా తెలుస్తుంది. ముఖం, వెంట్రుకలు పెద్ద పనివాడు చెక్కేవాడు. బట్టలు, నేపథ్యం శిష్యులవి. ఉలిని గీతకు మరీ నిటారుగా దింపితే గీత అడుగు బలహీనపడి, అచ్చువేస్తుండగా విరుగుతుంది. గోడను బయటికి వాలుగా ఉంచాలి. దోమతెరలాంటి జాలీ వచ్చినప్పుడు ఇంకో ఉపాయం చేసేవారు: నిలువు గీతలకొక పలక, అడ్డగీతలకొక పలక. చిన్న చిన్న గళ్లు తవ్వే పని తప్పుతుంది.

గీతల పలక కాక ఒక్కో రంగుకీ ఒక్కో పలక ఉంటుంది. ఇన్ని పలకల అచ్చులు కాగితం మీద ఒకేచోట పడాలంటే 'కెంతో' అనే గుర్తు గాళ్లు కావాలి. పలక మూలలో ఒక ఎల్ ఆకారపు గాడి, అదే అంచున కొంత దూరంలో ఒక తిన్నని గాడి. కాగితాన్ని ప్రతిసారీ వాటికి ఆనిస్తారు. కాగితం ముందే తడిపినది. పని మధ్యలో ఆరితే కుంచించుకుపోయి, రంగు గీత దాటుతుంది. రంగు పాకకుండా పటిక, జంతుజిగురు కలిపిన నీళ్లు ముందే పూసి ఉంచుతారు. ఈ పూత పల్చనైతే రంగు ఊరుతుంది, పటిక ఎక్కువైతే కాగితం కాలక్రమేణా పెళుసెక్కుతుంది.

ఇక కాళ్ల సంగతి. దయ్యం నడుము కింద పొగలా కరిగిపోయే చోట చాలాసార్లు ఉన్న పని 'బొకాషి'. పలకను తడిగుడ్డతో తుడిచి, ఒక అంచున మాత్రం రంగు, చిటికెడు బియ్యపు గంజి వేసి, బ్రష్‌ని నీటివైపు లాగుతారు. రంగు క్రమంగా పల్చబడుతుంది. పైన కాగితం పరచి, వెదురు పట్టతో చుట్టిన 'బరెన్' అనే గుండ్రటి బిళ్లతో రుద్దుతారు. నీళ్లు తక్కువైతే కరగాల్సిన చోట గట్టి గీత పడుతుంది, ఎక్కువైతే మరక. రుద్దుడు చాలకపోతే నువ్వుల్లా తెల్లచుక్కలు మిగులుతాయి. పలకలో ఈ ఛాయ చెక్కి ఉండదు, ప్రతి ప్రతికీ చేత్తో మళ్లీ చేయాల్సిందే. అందుకే ఒకే పలకల నుంచి వచ్చిన రెండు దయ్యాలు అచ్చంగా ఒకటి కావు. నాకు ఇదే అన్నిటికన్నా ఇష్టమైన సంగతి.

యోషితోషి 1889–92 మధ్య వచ్చిన తన ముప్పై ఆరు దయ్యాల వరుస పేరును 'షింకెయ్' అనే మాటతో మొదలుపెట్టాడు. రాసిన అక్షరాల్లో దానికి కొత్త రూపాలని అర్థం, చెవికి మాత్రం నరాలనే మాటలా వినిపిస్తుంది. ఆ బొమ్మల అంచులు పురుగు తిన్నట్టు ఉంటాయి. అది పాడైపోవడం కాదు, అలాగే తయారు చేసినవి.

మీకెప్పుడైనా పాత ప్రతి దొరికితే ముందు నుదుటి వెంట్రుకలు చూడండి. గీతలు విడివిడిగా ఉంటే పలక కొత్తగా ఉన్నప్పటి అచ్చు. ముద్దగా, తెగితెగి ఉంటే అరిగిన పలక. తర్వాత కాగితం వెనక్కి తిప్పండి. చేత్తో రుద్దినదైతే రంగు పీచులోకి దిగి వెనకకు తేలుతుంది, బరెన్ తిరిగిన జాడలు వాలు వెలుతురులో చాలాసార్లు కనిపిస్తాయి.