సర్కారు శాలువా కప్పిన పాటలు: రెండు రాష్ట్ర గీతాలు, ఒక బుర్రకథ, గద్దర్, కాస్త డీజే

నమస్కారం అండీ. ఈసారి ఒక్క సినిమానో ఒక్క ఆల్బమో కాదు. పదిహేను రోజులుగా నా ఫోన్‌లో తిరుగుతున్న పాటల చిట్టా మొత్తం మీ ముందు పెడుతున్నాను. రెండు రాష్ట్ర గీతాలు, నాజర్ గారి బుర్రకథ, గద్దర్, చివర్లో ఎన్నికల డీజే. ఈ అతుకుల బొంత ఏంట్రా అనుకోకండి. డీజే సంగతి పక్కన పెడితే, వీటిలో ప్రతిదాన్నీ మొదట్లో ఎవరో ఒకరు వద్దన్నారు, లేదా చూసీ చూడనట్టు వదిలేశారు. తర్వాత పిలిచి శాలువా కప్పారు. ఆ కప్పేటప్పుడు పాటకి ఏమవుతుందా అని చెవి ఒగ్గి విన్నాను.

ముందు 'మా తెలుగు తల్లికి'. మాది ఖమ్మం. మా బడిలో రోజూ ప్రార్థనలో ఈ పాట ఉండేది. మొదటి చరణం అందరం గట్టిగా పాడేవాళ్లం. రెండోది గొణిగేవాళ్లం. మూడోదానికి డ్రిల్లు మాస్టారి గొంతు ఒక్కటే వినిపించేది. తిరుపతికి చెందిన శంకరంబాడి సుందరాచారి దీన్ని 'దీనబంధు' అనే సినిమా కోసం రాశారు. 1942 నాటి సినిమా అది. సినిమా వాళ్లు పాటను వాడుకోలేదు. టంగుటూరి సూర్యకుమారి పాడిన రికార్డు వల్లే జనంలోకి వెళ్లింది. ఆమె ప్రకాశం పంతులు గారి సోదరుడి కూతురు. అలా సినిమాకి పనికిరాని పాట చివరికి రాష్ట్రానికి పనికొచ్చింది.

బడిలో పాడీ పాడీ అరిగిపోయిన పాటను ఆ పాత రికార్డులో విన్నాక, ఇన్నాళ్లూ నేను విన్నది ఇది కాదు అనిపించింది. తొందర లేదు. గొంతు ఎక్కడా బరువు మోయదు. ముఖ్యంగా నదుల దగ్గర చూడండి. గోదారికి 'గలగలా' అన్నారు, కృష్ణమ్మకి 'బిరబిరా' అన్నారు. రెండు నదులకీ ఒకే నడక ఇవ్వలేదు ఆ కవి. రాజమండ్రి రేవులో ఒకసారి, విజయవాడ బ్యారేజీ గేట్లు ఎత్తినప్పుడు ఒకసారి నిలబడి చూస్తే, ఆ రెండు మాటలూ ఎంత చూసి రాశారో తెలుస్తుంది. మనం బడిలో ఆ రెండింటినీ కలిపి ఒకే ఊపులో తోసేశాం.

నాకు నచ్చనిది కూడా చెప్పాలి కదా. నదులు దాటాక పాట పేర్ల పట్టీలోకి వెళ్తుంది. రుద్రమ్మకి భుజశక్తి, తిమ్మరుసుకి తెలివి, రాయలకి కీర్తి. మల్లమ్మ దగ్గరికొచ్చేసరికి పతిభక్తి. ఇన్ని శక్తుల మధ్య ఆవిడకి అదొక్కటే దొరికిందా? ఆ కాలం అలాంటిది అంటారు. సరే. కానీ ఇవాళ మైకులో ఆ పాట వస్తుంటే లేచి నిలబడుతున్నది మనమే కాబట్టి అడుగుతున్నాను.

ఇక 'జయ జయహే తెలంగాణ'. దీని గురించి కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను, ఏమీ అనుకోకండి. రాసింది అందెశ్రీ. జనగామ దగ్గర రేబర్తి ఆయన ఊరు. అనాథగా పెరిగారు, పశువులు కాశారు, తాపీ పని చేశారు. బడి చదువు లేదు. ఆ మనిషి రాసిన పాట తెలంగాణ ఉద్యమం మొత్తం సభల్లో మోగింది. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. పాట మాత్రం బయటే నిలబడింది. పదేళ్లు. అందరికీ వచ్చిన పాట, అందరూ రాష్ట్ర గీతమే అనుకున్న పాట, కాగితం మీద మాత్రం కాదు. 2024 జూన్ 2న, ప్రభుత్వం మారాక, అధికారికం అయింది. 2025 నవంబర్ 10న అందెశ్రీ వెళ్లిపోయారు. తన పాటకి ఆ గౌరవం దక్కడం ఆయన చూశారు, కానీ ఏడాదిన్నర కూడా తిరగలేదు.

అధికారికం అయ్యే ముందు ఒక గొడవ జరిగింది, గుర్తుందా? సంగీతం కీరవాణి గారికి ఇచ్చారు. ఆంధ్రా ఆయనకి ఎందుకిచ్చారు, మా దగ్గర సంగీతం తెలిసినవాళ్లు లేరా అని చాలామంది అడిగారు. ఉద్యమమే 'మా ఉద్యోగాలు మాకు' అని నడిచినప్పుడు ఆ ప్రశ్న రావడం సహజమే. దాన్ని సంకుచితం అని కొట్టిపారెయ్యలేను. అయితే ఇంకో ముక్క కూడా ఉంది. అంతకు ఏడాది ముందు, 2023 మార్చిలో, 'నాటు నాటు'కి ఆస్కార్ వస్తే వేదిక మీద ఇద్దరు నిలబడ్డారు. కొవ్వూరు కీరవాణి, వరంగల్ వైపు చల్లగరిగె చంద్రబోస్. ఆ రోజు ఎవరిది ఏ జిల్లా అని ఎవరూ గొడవ పెట్టుకోలేదు. ఆస్కార్ పంచుకోవడం తేలిక, రాష్ట్ర గీతం పంచుకోవడం కష్టం.

పాట సంగతికి వస్తే, రెండు వెర్షన్లు ఉన్నాయి. ఒకటి రెండున్నర నిమిషాలు, ఇంకోటి పదమూడున్నర నిమిషాలు. చిన్నది సభలో నిలబడి వినడానికి. బాగుంది, నీట్‌గా ఉంది, ఇస్త్రీ చేసిన చొక్కాలా ఉంది. అదే నా ఇబ్బంది. అందెశ్రీ గారు వాయిద్యం లేకుండా ఎత్తుకున్న వీడియోలు యూట్యూబ్‌లో ఉన్నాయి, వెతకండి. ఆ గొంతులో గరుకు ఉంటుంది. అది ఇక్కడ లేదు. పెద్ద వెర్షన్‌లో చరణాలకి ఊపిరి తీసుకునే చోటు దొరికింది కాబట్టి నా ఓటు దానికే. వాయిద్యాలు కొంచెం తగ్గిస్తే ఇంకా బాగుండేది.

రెండు పాటలూ వెంట వెంటనే వింటే ఒక తమాషా దొరుకుతుంది. రుద్రమ్మ రెండింటిలోనూ ఉంది! ఓరుగల్లు రాణిని తిరుపతి కవి ఎప్పుడో తన పాటలో పెట్టుకున్నారు, అందెశ్రీ తన గడ్డ బిడ్డగా పెట్టుకున్నారు. విభజనలో ఆస్తుల పంపకం ఇంకా నలుగుతూనే ఉంది కానీ, రుద్రమ్మని మాత్రం ఇద్దరూ వదల్లేదు.

ఇప్పుడు బుర్రకథ. షేక్ నాజర్, గుంటూరు జిల్లా పొన్నెకల్లు. ఆయన పాత రికార్డింగులు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినకండి, స్పీకర్‌లో పెట్టండి. అది వీధికి చెప్పిన కథ, చెవిలో చెప్పింది కాదు. మధ్యలో కథకుడు, భుజాన తంబురా, చేతి వేళ్లకి అందెలు, అంటే మోగే ఉంగరాలు. అటూ ఇటూ గుమ్మెటలనే చిన్న డోళ్లతో ఇద్దరు వంతలు, అంటే వంత పాడేవాళ్లు. ఒక పక్కనున్న వంత రాజకీయం మాట్లాడతాడు, రెండో పక్క వంత హాస్యం. పల్నాటి యుద్ధం చెబుతూ చెబుతూ మధ్యలో ఆపి, ఇప్పటి జమీందారు సంగతేంటి అని రాజకీయ వంత అందుకుంటాడు. హాస్యగాడు ఒక జోకు వేసి జనం కోపాన్ని నవ్వులోకి దించుతాడు. మళ్లీ తందాన తాన, కథ ముందుకి. అంటే చరిత్ర, వార్తలు, వ్యాఖ్యానం, పాట, వెక్కిరింత అన్నీ ఒకే అరుగు మీద. నేను ఈ వీడియోలో కష్టపడి చేస్తున్న పని ముగ్గురు కలిసి కాళ్లకి గజ్జెలు కట్టుకుని చేసేవాళ్లు.

1943లో మొదలైన కమ్యూనిస్టుల కళాసంస్థ ప్రజానాట్యమండలి ఈ కళని ఊరూరా తిప్పింది. అటు నిజాం సర్కారు, ఇటు మద్రాసు సర్కారు, రెండూ భయపడి నిషేధం పెట్టాయి. తంబురా చూసి పోలీసులు రావడం అంటే ఆ కళకి అంతకన్నా పెద్ద రేటింగ్ ఏముంటుంది? 1986లో నాజర్ గారికి పద్మశ్రీ వచ్చింది. ఆ మధ్య కాలంలో ఇదే బుర్రకథ ప్రభుత్వ ప్రచారానికి కూడా వచ్చింది. కుటుంబ నియంత్రణ, అక్షరాస్యత. మంచి విషయాలే, కాదనను. చిన్నప్పుడు మా ఊరి సెంటర్లో అలాంటిది ఒకటి చూశాను. గుమ్మెట అదే, గజ్జె అదే. కానీ రాజకీయ వంత ప్రశ్న అడగడం మానేసి పథకాల పేర్లు చదివాడు. హాస్యగాడి మీద ఎవరూ చెయ్యి వెయ్యలేదనుకుంటాను, అతను బాగానే నవ్వించాడు.

గద్దర్ గురించి రెండు ముక్కలే. తూప్రాన్‌లో పుట్టిన గుమ్మడి విఠల్ రావు. 'మా భూమి' సినిమాలో ఆయన తెరమీదకొచ్చి బండి యాదగిరి పాట పాడే ఘట్టం ఇప్పుడు చూసినా ఒళ్లు జలదరిస్తుంది. భుజం మీద గొంగడి, కాలికి గజ్జె, ఇంకేమీ లేదు. 1997 ఏప్రిల్ 6న ఆయన మీద కాల్పులు జరిగాయి. ఒక తూటా చివరిదాకా ఒంట్లోనే ఉండిపోయింది. 2023 ఆగస్టులో పోయినప్పుడు ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి. 'ఒరేయ్ రిక్షా' సినిమాలో పాటకి నంది వస్తే వద్దన్న మనిషి ఆయన. ఇప్పుడు తెలంగాణలో సినిమా అవార్డుల పేరే గద్దర్ అవార్డులు. 2025 జూన్‌లో మొదటిసారి ఇచ్చారు. ఫంక్షన్ వీడియో మొత్తం చూశాను. లైట్లు చాలా బాగున్నాయి.

డీజే పాటలు. 2023 ఎన్నికల్లో 'రామక్క' పాట మీరు తప్పించుకోలేకపోయి ఉంటారు. ఆ పాట పెట్టుకున్న బీఆర్ఎస్ ఓడిపోయింది, పాట మాత్రం బారాత్‌లలో గెలిచింది. మా కజిన్ పెళ్లిలో అవతలి పార్టీ కార్యకర్తలు కూడా దానికే ఎగిరారు. రేటింగ్ అడక్కండి, కాళ్లు నొప్పులు.

చివరిగా ఒకటి. 'జయ జయహే' పాత పాఠంలో 'పది జిల్లాల నీ పిల్లలు' అని ఉండేది. తర్వాత జిల్లాలు ముప్ఫై మూడయ్యాయి. అధికారిక పాఠంలో అది 'పదపదాన' అయింది. మా అమ్మ రిటైర్డ్ ఉద్యోగి. 2011 సకల జనుల సమ్మెలో ఖమ్మం శిబిరంలో రోజూ కూర్చుని ఈ పాట నేర్చుకుంది. నిన్న నేను ఈ వీడియో కోసం కొత్త వెర్షన్ పెడితే వంటింట్లోంచి తనూ అందుకుంది. పది జిల్లాలు అనే పాడింది. మార్చారమ్మా, ఇప్పుడు అలా లేదు అన్నాను.

"నేను టెంట్ కింద కూర్చున్నప్పుడు పదే," అని పోపు వేసుకుంది.