ఈలపీట, చాకు, తాడు గుంజే చాపర్: ఇంట్ల ఏది ఉండాలె?

అందరికీ నమస్తే. మైకు జర దూరం పెట్టున్రి, నా గొంతు ఊకెనే పెద్దది. కాలనీ మహిళా సంఘం అక్కలు నన్ను పిలిచి కూరగాయలు కోసుడు మీద మాట్లాడమంటే నవ్విన, దాని మీద మాట్లాడేదేమున్నది అని, కానీ హన్మకొండల పదకొండేండ్ల సంది కర్రీ పాయింట్ నడుపుతున్న కదా, రోజు కిలోలకు కిలోల ఉల్లిగడ్డ మా చేతుల మీదికెళ్లే పోతది, అందుకే ఒప్పుకున్న.

మీ అందరి ఇండ్లల్ల అలమార పై అరల ఒక అట్టడబ్బా ఉంటది, నాకు ఎరుకే. దాంట్ల తాడు గుంజే చాపర్ ఒకటి, క్యారెట్‌ను స్ప్రింగ్ లెక్క తిప్పేది ఒకటి, ఆలుగడ్డను ఒక్క నొక్కుకు ఫింగర్ చిప్స్ చేసేది ఒకటి. నా దగ్గర గూడ ఉన్నయి, అన్నీ ఫోన్ల వీడియో చూసి కొన్నయే. ఆ వీడియోలల్ల చూపియ్యంది ఏందంటే కడుగుడు. రెండు ఉల్లిగడ్డల కోసం డబ్బా, మూత, బ్లేడ్లు అన్నీ కడగాలె, మూతల నీళ్లు పోతే తాడు పాడైతదంటరు, దాన్ని మళ్ల తుడవాలె. చాకైతే నల్ల కింద పెట్టి తుడిస్తే అయిపాయె.

ఇంకో ముచ్చట. తాడు ఎక్కువసార్లు గుంజితే ఉల్లిగడ్డ తెగుడు కాదు, నలుగుడు. నీళ్లు ఊరుతయి. ఆ నీళ్లు ఎగిరిపోయేదాక అది నూనెల ఉడుకుతది గని ఏగదు, మనమేమో ఆలస్యమైతుందని మంట పెంచుతం, అంచులు మాడుతయి, లోపల పచ్చి. మా దగ్గర ఒక పెండ్లి ఆర్డర్‌కు తొందరల గిట్లనే చేసినం, ఆనాడు టమాట కూర రంగే వేరు. కండ్లు మండుడు గూడ ఇదే లెక్క. ఉల్లిగడ్డ కణాలు పగిలితే లోపలి రసాలు కలిసి ఒక గ్యాస్ పుడ్తది, అది కండ్లల్లకొస్తది. మొద్దు కత్తితోని కోస్తే కణాలు ఎక్కువ నలుగుతయి, ఎక్కువ ఏడుస్తం.

అయితే మన ఇండ్లల్ల చాకు చాకు లెక్క ఉన్నదా? పాల ప్యాకెట్ చింపుడు అదే, కొబ్బరి చిప్పల నుంచి కొబ్బరి లేపుడు అదే, సిలిండర్ మూత తీసుడు గూడ అదే. ఇగ అది టమాటను ఏం కోస్తది?

మా అమ్మ ఈలపీట ఇనుపది, కమ్మరాయనతోని కొట్టిచ్చింది. పదును మంచిగ పడ్తది, తడి ఉంచితే తుప్పు, వంకాయ ముక్కలు జల్ది నల్లబడ్తయి. స్టెయిన్‌లెస్ స్టీలుల కనీసం 10.5 శాతం క్రోమియం ఉంటది గాబట్టి తుప్పు తొందరగ పట్టదు. 1913ల ఇంగ్లండుల షెఫీల్డుల హ్యారీ బ్రేర్లీ అనే ఆయన తుపాకీ గొట్టాలు అరగకుండ ఉండే ఉక్కు కోసం తిప్పలు పడి దాన్ని చేసిండట, ఆఖరికి మన వంటింట్లకొచ్చింది. ఈలపీట గొప్పతనం వేరే, కత్తి కదలది, కూరగాయనే కదుల్తది, రెండు చేతులు ఖాళీ. తోటకూర కట్ట, గోకరకాయ గుప్పెడు పట్టుకొని మా అమ్మ టీవీ దిక్కు చూసుకుంటనే కోసేది. నాకు మోకాళ్లు కింద కూసోనిస్తలేవు, అందుకే చాకుకొచ్చిన.

స్లైసర్ గురించి ఒక్క మాట. చిప్స్ కోసం ఆలుగడ్డ గీకుతుంటే ఆఖరు ముక్క దగ్గర నా బొటనవేలు తోలు లేచిపోయింది. చెయ్యి తగలకుండ పెట్టుకునే ప్లాస్టిక్ గార్డు డబ్బాలనే ఉన్నది, నేనే తీయలె.

మా అత్తమ్మకు మాత్రం తాడు చాపరే కావాలె. వేళ్ల కీళ్లు వాసినయి, చాకు గట్టిగ పట్టలేదు, పచ్చిమిర్చి, క్యాబేజీ దాంట్లనే మంచిగ చేసుకుంటది. ఆమె ముంగట నేను చాకు గొప్పలు చెప్ప. తొక్కు మామిడికాయకైతే రెండూ పనికిరావు, టెంక తెగాలంటే చెక్కకు బిగిచ్చిన పెద్ద కత్తే, ఎండకాలం మార్కెట్ల కొన్నకాడనే కొట్టిచ్చుకునుడే.

గ్రానైట్ బండ మీద, అద్దం బోర్డు మీద కోయకున్రి, పదును పోతది. చెక్కదైనా ప్లాస్టిక్‌దైనా సరే, కింద తడిగుడ్డ ఎయ్యున్రి, జారది. మొద్దు చాకే ఎక్కువ తెగిస్తది, ఎందుకంటే బలంగ నొక్కుతం, అది జారి వేలి మీదికొస్తది.

ఇగో, ఇది ఇక్కడి ఛాయ్ కప్పు, పింగాణీది. బోర్లిస్తే అడుగున పూత లేని గరుకు అంచు ఉన్నది చూసిన్రా? ఇది ఇక్కడి వంటింట్లకెళ్లి తెచ్చిన చాకు. ముందుగాల టమాట మీద పెడుతున్న, తోలు లోపలికి పోతున్నది గని తెగుతలేదు. ఇప్పుడు చాకును జర ఏటవాలుగ, ఇరవై డిగ్రీలంత వంచి, కప్పు గరుకు అంచు మీద ఇటు పక్క పదిసార్లు, అటు పక్క పదిసార్లు, ఒకే దిక్కుకు రుద్దుడు. కడిగి తుడుస్తున్న. ఎనక కూసున్న అక్కా, మీరే రాండ్రి, ఇగో చాకు. నొక్కకున్రి, ఊకె గుంజున్రి.