ఏడు సెకన్ల లోపైతే కాపీరైట్ రాదట!

మ్యూజిక్ గురించి నేను ఏ వీడియో పెట్టినా కింద ఒక కామెంట్ తప్పకుండా ఉంటుంది. "బ్రో, ఏడు సెకన్ల లోపు వాడుకుంటే కాపీరైట్ రాదు." కొందరు ఏడు అంటారు, కొందరు పది అంటారు. చెయ్యి కాస్త ధారాళంగా ఉన్నవాళ్లు ముప్పై దాకా ఇచ్చేస్తారు. ఇంత నమ్మకంగా చెప్తారు కదా, ఎక్కడైనా రాసుందేమోనని వెతికాను. అమెరికా చట్టంలో ఫెయిర్ యూజ్ (అంటే అనుమతి అడక్కుండానే కొంత వాడుకునే వెసులుబాటు) గురించి చెప్పే 107వ సెక్షన్‌లో సెకన్ల లెక్క లేదు. భారత కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లోనూ లేదు. సెకన్ల లెక్క నాకు కనిపించింది జర్మనీలో ఒక్కచోట. 2021లో వాళ్లు తెచ్చిన చట్టంలో 15 సెకన్ల మాట ఉంది. కానీ అది మీరు పెట్టిన వీడియోని ప్లాట్‌ఫాం ఆటోమేటిక్‌గా బ్లాక్ చేసేయకుండా ఆపడానికి. పైగా దానికీ బోలెడు షరతులున్నాయి. "15 సెకన్లు మీవే, ఏమైనా చేసుకోండి" అని మాత్రం కాదు.

సరే, సెకన్లు కాకపోతే మరి దేన్ని చూస్తారు? నాకు బాగా నచ్చిన ఒక పోలిక ఉంది. ఈ వీడియో అంతా దాన్నే సాగదీస్తాను, ముందే చెప్తున్నాను.

పాటని చేత్తో రాసిన ఉత్తరం అనుకోండి. అందులో అడుగున ఉండేవి అక్షరాలు, గుణింతాలు. సంగీతంలో అయితే స్వరాలు, గిటార్ కార్డ్స్ (కలిపి మోగించే స్వరాలు), తాళం. ఇవి ఎవడబ్బ సొత్తూ కాదు. "క, కా, కి, కీ ముందు నేను రాశాను, మీరు రాయకూడదు" అని ఎవరైనా అంటే నవ్వుతాం కదా. వాటి మీద వాక్యాలు ఉంటాయి. అంటే ట్యూను, సాహిత్యం. వీటికి ఓనర్ ఉంటారు. ఇక కాగితం మీద కనిపించే చేతిరాత ఉంది చూశారూ, ఆ వంపులు, ఆ సిరా మరకలు, అది రికార్డింగ్. దానికి వేరే ఓనర్ ఉంటారు, చాలాసార్లు ఏదో ఒక మ్యూజిక్ కంపెనీ. ఒకే పాటకి రెండు హక్కులు అన్నమాట. ఇది తెలియకే సగం గొడవలు.

కవర్ సాంగ్ పాడితే, అంటే ఇంకొకరి పాటని మీరు మళ్లీ పాడితే, ఏం చేస్తున్నట్టు? వాళ్ల వాక్యాన్ని మీ చేత్తో మీరు రాస్తున్నారు. కాబట్టి వాక్యం ఓనర్‌ని అడగాలి, చేతిరాత ఓనర్‌తో పని లేదు. అదే శాంపిల్ తీసుకుంటే, అంటే వాళ్ల రికార్డింగ్‌లోంచే ఒక ముక్క తీసుకుంటే, ఉత్తరాన్ని జిరాక్స్ తీసి ఒక ముక్క కత్తిరించి మీ ఉత్తరంలో అంటించుకున్నట్టు. ఇక్కడ చేతిరాత కూడా వాళ్లదే. ఆ ముక్కలో ఒక్క మాటే ఉన్నా చేతిరాత చేతిరాతే.

ఇప్పుడు రెండు ముక్కల కథ చెప్తాను. ఈ వీడియో చేసిందే దీనికోసం.

మొదటి ముక్క రెండు సెకన్లది. జర్మన్ బ్యాండ్ క్రాఫ్ట్‌వెర్క్ 1977లో 'మెటాల్ ఔఫ్ మెటాల్' అని ఒక పాట చేసింది. ఇనుము మీద ఇనుము కొట్టినట్టుండే దరువు. 1997లో మరో జర్మన్ పాట నిర్మాతలు అందులోంచి సుమారు రెండు సెకన్లు కత్తిరించి, తిప్పి తిప్పి వాడుకున్నారు. కేసు పడింది. ఒక కోర్టు, ఇంకో కోర్టు, మళ్లీ మొదటికి. చివరికి యూరోపియన్ యూనియన్ అత్యున్నత కోర్టు 2019లో తేల్చిందేమిటంటే, ముక్క ఎంత చిన్నదైనా అనుమతి కావాలి, చెవికి గుర్తుపట్టలేనంతగా మార్చేస్తే తప్ప. అంతటితో అయిందా? లేదు. అనుకరణ కళ కింద మినహాయింపు వస్తుందా అన్న ఇంకో ప్రశ్నతో 2023లో అదే కేసు మళ్లీ అదే కోర్టుకి వెళ్లింది. రెండు సెకన్లు, రెండు దశాబ్దాలు దాటిన కేసు. ఏడు సెకన్ల బ్రో, వింటున్నారా?

రెండో ముక్క దాదాపు ఆరు సెకన్లది. 1969లో ద విన్‌స్టన్స్ అనే అమెరికన్ బృందం 'ఆమెన్, బ్రదర్' అని ఒక పాట రికార్డు చేసింది. మధ్యలో మిగతా వాద్యాలన్నీ ఆగిపోతాయి, డ్రమ్మర్ గ్రెగరీ కోల్‌మన్ ఒక్కడే నాలుగు బార్లు (అంటే నాలుగు తాళం చుట్లు) వాయిస్తాడు. అంతే. ఎనభైల నుంచి హిప్‌హాప్ వాళ్లు దాన్ని కత్తిరించడం మొదలుపెట్టారు. తర్వాత ఇంగ్లండ్‌లో దాన్ని వేగం పెంచి, ముక్కలు చేసి, తిరగేసి వాయించారు. జంగిల్, డ్రమ్ అండ్ బేస్ అనే సంగీత ధోరణులు చాలావరకు ఆ ఆరు సెకన్ల మీదే నిలబడ్డాయి. వేల పాటల్లో ఉంది అది. మీరూ వినే ఉంటారు, పేరు తెలియకపోవచ్చు. బృందం నాయకుడికి దశాబ్దాల పాటు పైసా రాలేదు. 2015లో అభిమానులు చందాలేసి ఆయనకి సుమారు 24 వేల పౌండ్లు ఇచ్చారు. కోల్‌మన్ అప్పటికే లేడు, 2006లో చనిపోయాడు.

రెండు సెకన్లకి రెండు దశాబ్దాలు కోర్టుల చుట్టూ తిరిగారు. ఆరు సెకన్లకి అడిగిన నాథుడే లేడు. నిడివిని బట్టి ఏదీ జరగలేదు, ఓనర్ అడిగాడా లేదా, అడిగే స్తోమత ఉందా లేదా, అంతే. నిజం చెప్పాలంటే ఇందులో నా పక్షం ఏదో నాకే తెలియదు. కోల్‌మన్‌కి జరిగింది అన్యాయమే. కానీ 1990లోనే ఒక లాయర్ వచ్చి ఆ ముక్కని తాళం వేసి పెట్టుకుని ఉంటే, నేను ఇష్టంగా వినే సంగీతం సగం పుట్టేదే కాదు.

అమెరికా సంగతి ఇంకా తమాషా. 2005లో ఒక అప్పీలు కోర్టు, లైసెన్స్ తీసుకోండి లేదా శాంపిల్ చేయకండి, అని ముఖాన కొట్టినట్టు చెప్పింది. 2016లో ఇంకో ప్రాంతపు అప్పీలు కోర్టు, మడొన్నా 'వోగ్' పాటలో వినిపించే 0.23 సెకన్ల హార్న్ శబ్దం గురించి, ఇంత చిన్నదాన్ని పట్టించుకోనక్కర్లేదు అంది. ఒకే దేశం, ఒకే చట్టం.

మళ్లీ ఉత్తరానికి వద్దాం. పాత ఉత్తరాల్లో మొదట ఏం రాసేవాళ్లు? "ఉభయకుశలోపరి." తాతలు రాశారు, ముత్తాతలు రాశారు, అది ఎవరిదీ కాదు. సంగీతంలోనూ అలాంటి ఉభయకుశలోపరులు ఉంటాయి. లోకంలో సగం పాప్ పాటలు అవే నాలుగు కార్డ్స్ మీద నడుస్తాయి. ఇంగ్లిష్ గాయకుడు ఎడ్ షీరన్ మీద వేసిన కేసు ఇదే. ఆయన పాట పాతతరం అమెరికన్ గాయకుడు మార్విన్ గే పాడిన 'లెట్స్ గెట్ ఇట్ ఆన్' లాగా ఉందన్నారు. 2023లో జ్యూరీ ముందు గిటార్ పట్టుకుని వాయించి చూపించాడు, గెలిచాడు. బాగుంది. కానీ 2015లో 'బ్లర్డ్ లైన్స్' పాట మీద అదే మార్విన్ గే కుటుంబం వేసిన కేసులో జ్యూరీ 70 లక్షల డాలర్లకి పైగా కట్టమంది, తర్వాత అది 53 లక్షలకి తగ్గింది. ఆ పాట చేసినవాళ్లు తీసుకున్నది వాక్యాలని కాదు, ఉత్తరం రాసే ధోరణిని అని నా అభిప్రాయం. ధోరణికి ఓనర్ ఉంటే ఇంకెవరూ కలం పట్టలేరు. కోర్టు ఒప్పుకోలేదు, అది వేరే విషయం.

ఇంకో చిక్కు. ఎప్పుడో చదివిన ఉత్తరంలోని వాక్యం మనసులో ఉండిపోయి, ఏళ్ల తర్వాత మన సొంతమే అనుకుని రాసేస్తే? బీటిల్స్ బృందంలోని జార్జ్ హారిసన్‌కి అదే అయింది. 'మై స్వీట్ లార్డ్' ట్యూన్ పాత పాట 'హీజ్ సో ఫైన్' నుంచి తెలియకుండానే వచ్చిందని 1976లో జడ్జి అన్నారు. కావాలని చేయలేదని ఒప్పుకుంటూనే తప్పు తప్పే అన్నారు.

అయ్యో, టైమ్ అయిపోతోంది, మీమ్స్ దాకా రానేలేదు. త్వరగా చెప్పేస్తాను.

మీమ్ దగ్గర నా ఉత్తరం కొంచెం చిరుగుతుంది. ఎందుకంటే ఇక్కడ ఎవరో తీసిన ఫొటో, ఇంకెవరో రాసిన జోకు, మూడోవాళ్లు ఫార్వర్డ్ చేయడం. ఫొటోకి మాత్రం ఓనర్ ఉంటారు, అది కోటిమంది ఫోన్లలో ఉన్నా సరే. పెపే అనే కప్ప బొమ్మ మ్యాట్ ఫ్యూరీ కామిక్స్‌లోది, 2005 నాటిది. జనం వాడుకుంటుంటే ఏళ్లపాటు ఊరుకున్నాడు. దాన్ని ద్వేషానికి గుర్తుగా మార్చేసరికి లాయర్లని పెట్టుకున్నాడు. పోస్టర్ మీద వేసి అమ్మిన ఇన్ఫోవార్స్ అనే అమెరికన్ వెబ్‌సైట్ 2019లో 15 వేల డాలర్లు కట్టి రాజీకొచ్చింది. చిరాకు ముఖం పిల్లి గ్రంపీ క్యాట్ ఓనర్లకి 2018లో జ్యూరీ 7,10,001 డాలర్లు ఇప్పించింది. ఒప్పందం ఒక డ్రింక్‌కైతే కంపెనీ వేరే వాటి మీదా బొమ్మ వేసుకుంది మరి. ఆ చివరి ఒక్క డాలర్ ఒప్పందం తప్పినందుకు! ఆ లెక్క వేసినవాళ్లని కలవాలని ఉంది నాకు.

జోకుల సంగతి: ఆలోచనకి హక్కు లేదు, మాటల కూర్పుకి ఉంటుంది, అదీ పలచగా. ఒకే వార్త మీద ఒకే రోజు ఇద్దరికి ఒకే జోకు తట్టడం మామూలే. పేరడీకి కొంత రక్షణ ఉంది, 1994లో అమెరికా సుప్రీంకోర్టు టూ లైవ్ క్రూ అనే ర్యాప్ బృందం కేసులో, డబ్బు కోసం చేసినా పేరడీ ఫెయిర్ యూజ్ కావచ్చు అంది. కానీ ఏ పాటని తీసుకున్నారో ఆ పాటనే ఎగతాళి చేస్తేనే పేరడీ. ఆ ట్యూన్‌లో ఇంకేదో జోకు పెడితే కేసు బలహీనపడుతుంది.

ఇంకా మిగిలినవి: "క్రెడిట్స్ టు ఓనర్" అని రాస్తే అది అనుమతి కాదు, ఎవరి ఉత్తరం జిరాక్స్ తీశారో మీరే రాసిచ్చినట్టు. పిచ్ మార్చి పెడితే మెషీన్ పట్టుకోకపోవచ్చు, అంతమాత్రాన హక్కు రాదు. యూట్యూబ్‌లో పాటల్ని ఆటోమేటిక్‌గా పట్టుకునే కంటెంట్ ఐడీ ఇచ్చే క్లెయిమ్ వేరు, కాపీరైట్ తప్పుకి ఛానెల్ మీద పడే స్ట్రైక్ వేరు. క్లెయిమ్ వస్తే సాధారణంగా యాడ్స్ డబ్బు వాళ్లకి పోతుంది, ఛానెల్‌కి దెబ్బ తగలదు. స్ట్రైక్‌లు మూడైతే ఛానెల్ పోవచ్చు. ఏఐ పాటల గురించి అడగకండి, దానికి వేరే వీడియో కావాలి. ఈ వీడియోకి బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ ఎందుకు లేదో ఇప్పుడు అర్థమైంది కదా, ఉంటాను.