04/05 అంటే ఏ తేదీ?

అందరికీ నమస్కారం. ఇందాక బయట ఇద్దరు జూనియర్లు ఒకే ప్రశ్న అడిగారు: "సార్, అంతర్జాతీయ ఆర్బిట్రేషన్‌లోకి రావాలంటే లండన్‌లోనో సింగపూర్‌లోనో ఎల్‌ఎల్‌ఎం చేయాల్సిందేనా?" దేశాలు దాటిన వ్యాపార తగాదాలను కోర్టులో కాకుండా మధ్యవర్తుల ముందు తేల్చే పని అది. ఆ ప్రశ్న వెనక ఇంటి మీద పడే అప్పు గురించిన టెన్షన్ ఉందని నాకు తెలుసు. అందుకే రాసుకొచ్చిన ఉపోద్ఘాతం పక్కన పెట్టి దానికే జవాబు చెబుతాను.

స్తోమత ఉంటే తప్పకుండా చేయండి. అప్పు చేసి మాత్రం ఇప్పుడే పరుగెత్తొద్దు. ఈ పని ముందు ఫైల్లోనే నేర్చుకోవాలి.

ప్రాక్టీసు మొదలుపెట్టిన మూడో ఏడు నాకు ఒక నిర్మాణ వివాదంలో క్రొనాలజీ తయారు చేసే పని ఇచ్చారు. ఏ రోజు ఏం జరిగింది, దానికి ఏ కాగితం ఆధారం అని చూపే పట్టిక అది. ఒప్పందం 1999 నాటి ఫిడిక్ నమూనాలో ఉంది. ఫిడిక్ అంటే నిర్మాణ ఒప్పందాలకు నమూనాలు తయారు చేసే ఇంజినీర్ల అంతర్జాతీయ సమాఖ్య. అందులో 20.1 క్లాజు ప్రకారం కాంట్రాక్టరు అదనపు గడువో డబ్బో కోరాలంటే, దానికి కారణమైన విషయం తెలిసిన 28 రోజుల్లోగా నోటీసు ఇవ్వాలి, లేదంటే క్లెయిమే పోతుంది. పని ఆగింది మార్చి 10న. మా క్లయింటే ఆ కాంట్రాక్టరు, అమెరికా కంపెనీ. వాళ్ల నోటీసు మీద 04/05 అని ఉంది. మన అలవాటు కొద్దీ మే 4 అని ఎక్కించేశాను. అంటే 55వ రోజు. కేసు పోయినట్టే అనుకుని నీరుగారిపోయాను. రాత్రి మళ్లీ తిరగేస్తుంటే వాళ్లదే ఇంకో ఉత్తరం మీద 03/22 కనిపించింది. ఇరవై రెండో నెల ఎక్కడిది? వాళ్లు నెల ముందు రాస్తారు! నోటీసు ఏప్రిల్ 5న, అంటే 26వ రోజునే వెళ్లింది. అప్పట్నుంచి నెల పేరు అక్షరాల్లో రాయకుండా ఏ తేదీనీ పట్టికలో పెట్టలేదు.

క్రొనాలజీ తర్వాత రెడ్‌ఫర్న్ షెడ్యూల్ అడిగి తీసుకోండి. ఎదుటి పక్షం నుంచి ఏ కాగితం కావాలి, ఎందుకు కావాలి, వాళ్ల అభ్యంతరమేంటి, ట్రిబ్యునల్, అంటే కేసు వినే మధ్యవర్తులు, ఏం తేల్చింది అనే నాలుగు గడుల పట్టిక అది. చూడటానికి గుమాస్తా పనిలా ఉంటుంది. కానీ కేసు ఏ కాగితం మీద నిలబడుతుందో అక్కడే తెలుస్తుంది.

ఇంకా చదువుకుంటున్నవాళ్లు వియన్నాలో ఏటా జరిగే విస్ మూట్‌కి, అంటే న్యాయ విద్యార్థుల ఆర్బిట్రేషన్ నమూనా వాదనల పోటీకి తయారవ్వండి. ప్రయాణం ఖర్చు పెద్దదే, కాదనను. ఆ పోటీలో ప్రతి జట్టూ వాది తరఫున ఒక మెమోరాండం (రాతపూర్వక వాదన), ప్రతివాది తరఫున ఇంకొకటి రాయాలి. డిసెంబరులో మీరే కట్టిన వాదాన్ని జనవరిలో మీరే పడగొట్టాలి. వియన్నా వెళ్లలేకపోయినా పాత సమస్య ఒకటి తీసుకుని ఇద్దరు స్నేహితులు అలా రాసుకోవచ్చు. ఆ సమస్యల్లో వచ్చే, సరుకుల అంతర్జాతీయ అమ్మకాలపై ఐక్యరాజ్యసమితి ఒప్పందంలో మన దేశం చేరలేదు కాబట్టి కాలేజీలో దాన్ని పెద్దగా చెప్పరు, సొంతంగానే చదువుకోవాలి.

పరిచయాలకు యంగ్ ఐసీసీఏ అనే, ఆర్బిట్రేషన్‌లోని యువతరం కోసం ఏర్పడ్డ అంతర్జాతీయ వేదిక ఉంది. 2010లో మొదలైంది, సభ్యత్వానికి రుసుం లేదు, అనుభవజ్ఞులతో జత కలిపే మెంటరింగ్ కూడా ఉంది. ఇక మన హైదరాబాద్‌లోనే 2021 డిసెంబరులో అప్పటి ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ ఎన్.వి. రమణ చేతుల మీదుగా అంతర్జాతీయ ఆర్బిట్రేషన్, మీడియేషన్ కేంద్రం మొదలైంది. ఊళ్లోనే ఉన్నదాని గడప ముందు తొక్కండి.

ముందు వరుసలో కూర్చున్న సీనియర్లకు ఒక మనవి. పదేళ్లు పట్టికలు చేసి, ఒక్క సాక్షినీ క్రాస్ ఎగ్జామిన్ చేయని జూనియర్లు మన చాంబర్లలో ఉన్నారు. పట్టికలు వాళ్లవి, గొంతు మనది. ఇది నన్ను నిజంగా బాధపెడుతోంది. వచ్చే హియరింగ్‌లో ఒక్క సాక్షిని వాళ్లకివ్వండి. ముఖ్య సాక్షి అక్కర్లేదు, సైటు రిజిస్టరు రాసిన మనిషైనా చాలు. ముందు రోజు ప్రశ్నలు రాయించి, మీరే దిద్దండి. వాళ్లు లేచి అడుగుతున్నప్పుడు పక్కనే కూర్చోండి, మధ్యలో మాత్రం లేవకండి.