కారు ఎంబ్లమ్ తీయడానికి ఏం కొనాలి, ఏం కొనక్కర్లేదు

నమస్తే అండీ. డిక్కీ మీద షోరూం వాళ్ళు అంటించిన పేరు, పక్కన వేరియంట్ అక్షరాలు... వీటిని తీసేయాలని చాలామందికి ఉంటుంది, కానీ పెయింట్ పోతుందని భయం. అందుకే ఈ పనికి దొరికే సామాన్లన్నీ టేబుల్ మీద పెట్టాను. హెయిర్ డ్రయ్యర్, హీట్ గన్, గాలానికి వాడే నైలాన్ దారం, జిగురు తీసే స్ప్రే, జిగురుని రుద్ది తీయడానికి డ్రిల్లుకి బిగించే రబ్బరు వీల్.

మొదలుపెట్టే ముందు రెండు చూసుకోండి. కొన్ని ఎంబ్లమ్‌లకి వెనకాల పిన్నులుంటాయి. కంపెనీ పెద్ద లోగోలకి మరీనూ. అవి తీస్తే రేకులో రంధ్రాలు బయటపడతాయి, నీళ్ళు దిగి తుప్పు పడుతుంది. అదే పార్టు ఆన్‌లైన్‌లో అమ్మకానికి ఉంటే వెనక వైపు ఫొటో చూడండి, పిన్నుల సంగతి తేలిపోతుంది. రెండోది, ఆ ప్యానెల్‌కి రీపెయింట్ పడిందా అని. కంపెనీ పెయింట్ ఓవెన్‌లో సుమారు 140 డిగ్రీల దగ్గర గట్టిపడుతుంది. షెడ్డులో వేసిన దానికి అంత వేడి తగలదు. కింద సరిగ్గా రుద్దకుండా వేసుంటే జిగురుతో పాటు పెయింటూ లేచొస్తుంది.

ఇక వేడి. ఎంబ్లమ్ వెనక ఉండేది యాక్రిలిక్ ఫోమ్ టేప్, అంటే రెండు వైపులా అంటుకునే మెత్తటి టేప్. వేడెక్కితే మెత్తబడుతుంది, అప్పుడే దారానికి లొంగుతుంది. దీనికి ఇంట్లో హెయిర్ డ్రయ్యర్ చాలు. హీట్ గన్ 500 డిగ్రీలు దాటి వెళ్తుంది, ఒక్కచోట నిలిపితే క్లియర్ కోట్ (రంగు మీద ఉండే పారదర్శక పూత) పొంగుతుంది, ప్లాస్టిక్ బంపర్ అయితే వంకర పోతుంది. కాబట్టి ఇది కొనకండి. మన మే నెల ఎండలో నిలబెట్టిన కారుకి డ్రయ్యర్ కూడా అక్కర్లేదు.

దారం విషయానికొస్తే, డెంటల్ ఫ్లాస్ మధ్యలో తెగుతుంది. గాలం దారం తీసుకోండి, చవక, గట్టిది. అక్షరాల చుట్టూ మాస్కింగ్ టేప్ వేసి, దారం రెండు కొసలు చిన్న పుల్లలకి చుట్టి, రంపంతో కోసినట్టు అటూ ఇటూ లాగండి. వేళ్ళకి చుట్టుకుంటే కోసుకుంటుంది. వెనకున్న ఫోమ్ టేప్ మధ్యలోంచి తెగాలి, పెయింట్ మీద ఆనించి లాగకండి. స్క్రూ డ్రైవర్, బ్లేడు దగ్గరికే రానివ్వొద్దు. క్లియర్ కోట్ మందం మామూలుగా 40, 50 మైక్రాన్లు, మన తల వెంట్రుక కంటే పల్చన. బ్లేడు ఒక్కసారి జారితే పాలిష్‌తో పోయే గీత కాదది.

అసలు ఓపిక కావాల్సింది ఇక్కడి నుంచి. రేకు మీద మిగిలిన జిగురుని మళ్ళీ కాస్త వేడి చేసి బొటనవేలితో ఒకే వైపుకి తోయండి, ఉండలు కట్టి వస్తుంది. చాలా భాగం ఇలాగే పోతుంది. మిగతాదానికి స్ప్రే. నీడలో, రేకు చల్లారాక కొట్టండి, లేకపోతే పనిచేసేలోపే ఆరిపోతుంది. ఒకట్రెండు నిమిషాలు నాననిచ్చి మైక్రోఫైబర్ గుడ్డతో తుడవండి. కిరోసిన్ కూడా జిగురుని కరిగిస్తుంది, కాకపోతే నెమ్మదిగా. తర్వాత జిడ్డు పోయేదాకా షాంపూతో కడగాలి. పెయింట్ థిన్నర్ మాత్రం వద్దండీ, రీపెయింట్ అయిన చోట రంగునే కరిగించేస్తుంది.

రబ్బరు వీల్ నిజంగా బాగా పనిచేస్తుంది, కానీ పెద్ద స్టిక్కర్లకి. నాలుగు అక్షరాల కోసం డబ్బులు పెట్టక్కర్లేదు. కొన్నారే అనుకోండి, స్పీడ్ తగ్గించుకోగలిగే డ్రిల్లుకే బిగించండి, వీల్ మీద రాసిన స్పీడ్ దాటొద్దు. చిన్న యాంగిల్ గ్రైండర్ నిమిషానికి 11,000 చుట్లు తిరుగుతుంది. దానికి బిగిస్తే వీల్ చీలి మీదికి ఎగరొచ్చు, ఆ వేడికి పెయింట్ కూడా కాలుతుంది.

అంతా శుభ్రమయ్యాక కూడా అక్షరాల నీడ కనిపించొచ్చు. వాటి కింద రంగుకి ఇన్నేళ్ళూ ఎండ తగల్లేదు కదా. కొత్త కారుకి ఇది దాదాపు ఉండదు. పాత కారుకి పాలిష్ కొడితే అంచులు తగ్గుతాయి, రంగు తేడా పూర్తిగా పోదు. కారు ఎర్రదై, ఏళ్ళ తరబడి ఎండలో నిలబడ్డదైతే ముందు చివరి అక్షరం ఒక్కటే తీసి చూడండి. తేడా మరీ కొట్టొచ్చినట్టుంటే అక్కడే ఆపేసి, ఆ అక్షరాన్ని ఆటోమోటివ్ డబుల్ సైడ్ టేప్‌తో ఉన్నచోటే అంటించేయండి.