ఒకే పొగ, రెండు పేగుపూతలు

[తెర మీద: తెల్లవారుజాము. పెరటి గోడ పక్కన ఒక చేయి బీడీ వెలిగిస్తుంది. ముఖం కనిపించదు.]

"పొద్దున్నే బీడీ కాల్చనిదే నాకు కడుపు కదలదు" అనే పెద్దవాళ్లు మన ప్రతి ఊరిలోనూ ఉన్నారు. ఆ మాటను కొట్టిపారేయలేం. పేగును నడిపే నరాల మీద నికోటిన్ పనిచేస్తుంది. పొగ ఊపిరితిత్తుల దగ్గరే ఆగిపోదని వాళ్లకు అనుభవంతోనే తెలుసు. అయితే పేగుపూత ఉన్నవారికి అదే పొగ ఏం చేస్తుందో చాలామందికి తెలియదు. ఈ వీడియో వాళ్ల కోసమే.

[పేగుల బొమ్మ. ముందు పెద్దపేగు ఎర్రబడుతుంది, తర్వాత చిన్నపేగు చివరి భాగం.]

పేగుపూత అని ఒక్క మాటలో అనేస్తాం గానీ, పేగు వాచి పుండ్లు పడే, డాక్టర్లు ఐబీడీ అని రాసే ఈ జబ్బులో ముఖ్యంగా రెండు రకాలున్నాయి. ఒకటి అల్సరేటివ్ కొలైటిస్. ఇది పెద్దపేగుకు, అందులోనూ లోపలి పొరకు వస్తుంది. రెండోది క్రోన్స్ వ్యాధి. నోటి నుంచి మలద్వారం దాకా ఎక్కడైనా రావచ్చు, పేగు గోడ మందమంతా తినేస్తుంది. ఐబీఎస్ వేరే సంగతి, అది పేగు పనితీరు గాడి తప్పే జబ్బు, అందులో పేగుకు పుండ్లు పడవు. పేర్లు దగ్గరగా ఉండటంతో రెండింటినీ కలిపేసుకుంటారు, అందుకే చెబుతున్నాను.

1982లో బ్రిటన్‌లోని కార్డిఫ్ డాక్టర్లు తమ రోగులను పొగ అలవాటు గురించి అడిగారు. పోల్చి చూడటానికి, ఎముకలు విరిగి ఆసుపత్రికి వచ్చినవారినీ అడిగారు. ఎముకలు విరిగినవారిలో 44 శాతం పొగ తాగుతున్నారు. అల్సరేటివ్ కొలైటిస్ ఉన్నవారిలో తాగుతున్నది 8 శాతమే. పొగ తాగేవారికి ఈ జబ్బు తక్కువగా రావడం ఆ తర్వాత ఎన్నో దేశాల్లో కనిపించింది. మానేసినవారిలో మాత్రం, ఎన్నడూ తాగనివారికంటే ఎక్కువ.

[నికోటిన్ పట్టీ అతికించిన భుజం.]

ఈ ముక్క విని సిగరెట్ వెలిగించేవారున్నారు. దయచేసి మిగతాది కూడా వినండి. మేలు చేస్తున్నది నికోటినే అయితే పొగ లేకుండా దాన్నే ఇద్దామనుకున్నారు. 1994లో వెలువడిన ఒక పరీక్షలో 72 మందికి చర్మం మీద పట్టీలు వేశారు. ఆరు వారాల్లో, నికోటిన్ పట్టీ వేసుకున్న 35 మందిలో 17 మందికి లక్షణాలు పూర్తిగా తగ్గాయి. ఉత్తుత్తి పట్టీ వేసుకున్న 37 మందిలో 9 మందికి తగ్గాయి. మరుసటి ఏడాది, జబ్బు తిరగబెట్టకుండా ఆ పట్టీ ఆపగలదా అని చూస్తే ఆపలేకపోయింది. 2019లో బ్రిటన్ వైద్య రికార్డులను పెద్ద ఎత్తున పరిశీలించినప్పుడు, జబ్బు ఉన్నా పొగ తాగుతున్నవారికి, తాగనివారికంటే వ్యాధి మెరుగ్గా ఏమీ లేదని తేలింది. గుండెకు, ఊపిరితిత్తులకు జరిగే నష్టం మాత్రం ఎలాగూ ఉంది. అసలు పేగుపూతే రక్తనాళాల్లో గడ్డలు కట్టే ముప్పును పెంచుతుంది. దాని మీద పొగ ఎందుకు?

కొలైటిస్ ఉండి పొగ మానబోతున్నవారు ఆ సంగతి ముందే డాక్టరుకు చెప్పండి. మానేశాక కొందరిలో జబ్బు ఎగదన్నవచ్చు. దానికి మందులున్నాయి, మందు మోతాదు సరిచేస్తారు.

[పొట్ట కుడివైపు, కింది భాగం దగ్గరగా. పేగు లోపలి దారి మెల్లగా సన్నబడుతుంది.]

ఇక క్రోన్స్. ఇక్కడ పొగ శత్రువే. తాగనివారితో పోలిస్తే తాగేవారికి ఈ జబ్బు వచ్చే అవకాశం దాదాపు రెట్టింపని పాశ్చాత్య దేశాల అధ్యయనాలు చెబుతున్నాయి. వచ్చాక మరీ మొండికేస్తుంది. పుండు పడి, మాని, మళ్లీ పడిన చోట మచ్చ గట్టిపడుతుంది. బొటనవేలు పట్టే దారి పెన్సిలంత సన్నమవుతుంది. అన్నం తిన్న గంటకు పొట్ట ఉబ్బి, నులిమేసే నొప్పి వచ్చి, వాంతి అయ్యేదాకా ఊరట ఉండదు. చివరికి ఆ భాగం కోసి తీసేసి, రెండు కొసలనూ కలిపి కుడతారు. పొగ ఆపకపోతే ఆ కుట్టు దగ్గరే మళ్లీ పుండ్లు పడతాయి. ఆపరేషన్ తర్వాత జబ్బు తిరగబెట్టడం, పొగతాగేవారిలో దాదాపు రెట్టింపు.

మన దగ్గర ఇంకో చిక్కు ఉంది. పేగు క్షయ కూడా చిన్నపేగు చివరనే ఎక్కువగా వస్తుంది, అచ్చం క్రోన్స్‌లాగే కనిపిస్తుంది. పొగ క్షయ ముప్పును కూడా పెంచుతుంది. క్రోన్స్‌కు ఇచ్చే కొన్ని బలమైన ఇంజెక్షన్లు లోపల నిద్రపోతున్న క్షయను లేపగలవు. అందుకే అవి మొదలుపెట్టే ముందు ఛాతీ ఎక్స్‌రే, రక్తపరీక్ష చేయిస్తారు.

[కాలిన బీడీ ముక్కలు ఉన్న మట్టి ప్రమిద.]

నాకు అన్నిటికంటే ధైర్యమిచ్చే విషయం 2001లో ఫ్రాన్స్ నుంచి వచ్చింది. క్రోన్స్ ఉండి పొగ మానేసి ఏడాది దాటినవారిలో, జబ్బు తిరగబెట్టే అవకాశం ఎన్నడూ తాగనివారి స్థాయికి దిగింది. అన్నేళ్లు కాల్చినవారు, ఒక్క ఏడాదిలో! కానీ మానమని నచ్చజెప్పిన పొగరాయుళ్లలో నిజంగా మానినవారు ఎనిమిదిమందిలో ఒక్కరే. ఇది బుద్ధిలేకపోవడం కాదు, నికోటిన్ పట్టు అలాంటిది. ఇంట్లోవాళ్లు దెప్పిపొడవకండి. నికోటిన్ చూయింగ్ గమ్ మందుల షాపులో దొరుకుతుంది. మానడానికి ఇచ్చే మాత్రలు డాక్టరు రాస్తారు.

డాక్టరు దగ్గర "అప్పుడప్పుడూ తాగుతానండీ" అనకండి. రోజుకు ఎన్ని బీడీలు, ఎన్ని సిగరెట్లు, చుట్టలున్నాయా, ఎన్నేళ్లుగా అన్నది లెక్కపెట్టి చెప్పండి. పేగుపూత డాక్టరు ఆ మాట అడగకపోతే మీరే ఎత్తండి.

[సిగరెట్ పెట్టె మీది హెచ్చరిక దగ్గరగా, నిలకడగా.]

పొగ మానాలనుకునేవారి కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే ఉచిత నంబరు పెట్టె మీదే ఉంటుంది: 1800 11 2356. ఇంకాసేపు తెర మీదే ఉంచుతున్నాను, రాసుకోండి.