షెఫీల్డ్‌లో కొండ మీద గ్రౌండ్, 1860 నాటి పల్లెటూరి ఫుట్‌బాల్ టీమ్ | బాబాయ్ అడిగిన వీడియో

హాయ్ అండీ, అందరికీ నమస్తే. గాలి శబ్దం వస్తుంటే ఏమీ అనుకోకండి, మైక్‌కి మఫ్లర్ చుట్టాను, అంతకంటే నా చేతుల్లో ఏమీ లేదు. ఇంగ్లండ్‌లో షెఫీల్డ్ అంటేనే కొండలు. అందులో బాగా ఎత్తున ఉండే శాండీగేట్‌కి వెళ్తున్నాం ఇవాళ, క్రాస్‌పూల్ అనే పేట దగ్గర.

ఈ వీడియో మా బాబాయ్ కోసం. మొన్న నేను దుప్పట్లు, కర్టెన్ల షాపింగ్ వీడియో పెడితే మీరందరూ బాగానే చూశారు, ఆ నెల నాలుగు డబ్బులు కూడా వచ్చాయి. బాబాయ్ మాత్రం ఫోన్ చేసి, "అమ్మాయ్, దుప్పట్లు చీరాలలోనూ దొరుకుతాయి గానీ, అక్కడ పల్లెటూళ్లలో కుర్రాళ్లు ఏం ఆడతారో చూపించు" అన్నాడు. తెలియని వాళ్లకి చెప్తున్నా, తెనాలి దగ్గర మా ఊళ్లో సంక్రాంతికి వాలీబాల్ పోటీలు పెట్టించేది ఆయనే. చందాల పుస్తకం, సున్నం బస్తా, ఫ్లడ్ లైట్ల అద్దె, అన్నీ ఆయన నెత్తి మీదే.

సరే, బస్సు ఎక్కాం. సింగిల్ టికెట్ మూడు పౌండ్లు, అంటే దాదాపు మూడొందల యాభై. ఇరవై నిమిషాల ప్రయాణానికి! ఊళ్లో ఆడవాళ్లకి ఇప్పుడు ఆర్టీసీ బస్సు ఫ్రీ అని మా అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా గుర్తు చేస్తుంది. అమ్మా, ఇక ఆపు.

ఇప్పుడు ఇదంతా సిటీలో కలిసిపోయింది కానీ, 1860లో హాలమ్ అంటే షెఫీల్డ్ పట్టణానికి బయట కొండ మీద పొలాలు, రాళ్ల గోడలు, నాలుగు ఇళ్లు. అక్కడి కుర్రాళ్లు పెట్టుకున్న జట్టే హాలమ్ ఎఫ్‌సీ, అంటే హాలమ్ ఫుట్‌బాల్ క్లబ్బు. ఇప్పటికీ వీళ్లకి 'కంట్రీమెన్' అనే పేరే, అదేనండీ, పల్లెటూరోళ్లు. చుట్టూ లక్షల పౌండ్ల ఇళ్లు లేచినా ఆ పేరు వదల్లేదు. నాకు నచ్చిందే అది.

అసలు ఊరి వాళ్లకి ఫుట్‌బాల్ పిచ్చి ఎలా పట్టిందంటే, కింద పట్టణంలో వాళ్లని చూసి. అక్కడ 1857 అక్టోబర్ 24న షెఫీల్డ్ ఎఫ్‌సీ పెట్టారు. ఇప్పటికీ నడుస్తున్న ఫుట్‌బాల్ క్లబ్బుల్లో ప్రపంచంలోనే పాతది అదే. పెట్టినవాళ్లు నథానియల్ క్రెస్విక్ అనే వకీలు, విలియం ప్రెస్ట్ అనే వైన్ వ్యాపారి. కలిగినవాళ్ల క్లబ్బన్నమాట. ఇబ్బంది ఏంటంటే వీళ్లతో ఆడటానికి ఇంకో క్లబ్బు లేదు! పెళ్లయినవాళ్లు ఒక పక్క, కానివాళ్లు ఒక పక్క అని వాళ్లలో వాళ్లే జట్లు పంచుకుని ఆడేవారు. మూడేళ్లకి కొండ మీద హాలమ్ పుట్టాక ఆటకి ఎదుటి పక్షం దొరికింది.

మొదటి మ్యాచ్ 1860 డిసెంబర్ 26, క్రిస్మస్ మర్నాడు. రెండు వేరువేరు క్లబ్బులు ఒకదానితో ఒకటి ఆడిన మొదటి ఫుట్‌బాల్ మ్యాచ్‌గా దీన్నే చెప్తారు. అదీ ఇక్కడే, ఇదిగో ఈ గ్రౌండ్‌లోనే. నేల మీద మంచు పరుచుకుని ఉందట. పట్నం వాళ్లు ఎరుపు, తెలుపు. మనవాళ్లలో చాలామంది నీలం. ఆ తెల్లటి మంచు మీద రంగులు చూడముచ్చటగా ఉన్నాయని అప్పటి పేపర్ రాసింది. 2-0తో పట్నం వాళ్లు గెలిచారు. 'మనవాళ్లు' అనేశాను చూశారా, ఎప్పుడు కలిశానో ఆ పక్షంలో!

ఇక లోపలికి వెళ్దాం. టికెట్ పది పౌండ్ల లోపే, వెయ్యి రూపాయలనుకోండి. పెద్ద క్లబ్బుల మ్యాచ్‌కి దీనికి నాలుగైదు రెట్లు. రాతి గోడ, చిన్న స్టాండు, పక్కనే క్రికెట్. ఇక్కడ క్రికెట్ 1804 నుంచీ ఉంది. ప్రపంచంలో అన్నిటికన్నా పాత ఫుట్‌బాల్ గ్రౌండ్ అని గిన్నిస్ రికార్డ్ కూడా ఉంది దీనికి. అంత పేరున్న చోటు కదా, గేటు దగ్గర ఫోటోకి యాభై, కెమెరాకి వంద వసూలు చేస్తారేమో అనుకుంటాం. అలాంటిదేమీ లేదు, ఓ పెద్దాయన టికెట్ ఇచ్చి, స్వెటర్ సరిపోతుందా అని అడిగాడు, అంతే.

బాబాయ్, ఇది నీకోసం దగ్గరగా చూపిస్తున్నా చూడు. గ్రౌండ్ చదునుగా లేదు, ఒక మూల నుంచి ఇంకో మూలకి వాలు. ఇప్పుడు ఈ అబ్బాయి కార్నర్ కొట్టబోతున్నాడు. బంతి పెట్టాడా, చేయి తీయగానే మెల్లగా దొర్లింది. మళ్లీ పెట్టాడు. మళ్లీ దొర్లింది. ఇప్పుడు మడమతో గడ్డిలో గుంట చేస్తున్నాడు, అందులో కూర్చోబెట్టాడు, రెండడుగులు వెనక్కి వెళ్లి... ఆఁ, గాలికి అటు కొట్టుకుపోయింది. మన దగ్గరైతే పోటీలకి ముందు ట్రాక్టరు పెట్టి చదును చేయించకపోతే కమిటీ వాళ్ల తోలు తీసేవాళ్లు. వీళ్లు నూట అరవై ఏళ్ల కిందట మొదలుపెట్టిన ఈ వాలు మీదే ఇప్పటికీ ఆడుతున్నారు, పైగా అదేదో ఆస్తిలా చెప్పుకుంటారు.

ఇంతకీ శనివారం మధ్యాహ్నం మూడింటికి ఈ చలిలో ఇంతమంది ఎందుకొచ్చారు? దీని వెనక నాకు ఒళ్లుమండే సంగతి ఒకటుంది. ఈ దేశంలో శనివారం మధ్యాహ్నం పావుతక్కువ మూడు నుంచి అయిదుంపావు దాకా టీవీలో లైవ్ ఫుట్‌బాల్ చూపించరు. రూలు! 1960ల నుంచీ ఉంది. పెద్ద మ్యాచ్‌లు టీవీలో వస్తే జనం ఇళ్లలో కూర్చుంటారు, ఇలాంటి చిన్న క్లబ్బుల గేటు డబ్బులు పోతాయి అని. అదే మ్యాచ్ ఇండియాలో మాత్రం లైవ్ వస్తుంది. తెనాలిలో మా తమ్ముడు రాత్రి ఎనిమిదిన్నరకి అన్నం ప్లేటు ఒళ్లో పెట్టుకుని ఫోన్‌లో చూస్తూ, "అక్కా, గోల్ చూశావా" అని మెసేజ్ పెడతాడు. ఆ స్టేడియం ఉన్న దేశంలో కూర్చున్న నాకు కనపడదు! వచ్చిన కొత్తలో దీనికి ఎంత తిట్టుకున్నానో. ఇప్పటికీ తిడతాను. కాకపోతే ఈ గేటు దగ్గర లైను చూశాక కొంచెం తక్కువ తిడతాను.

ఇంట్లో కూర్చున్నా చేసేదేముందిలెండి. మావారికి శనివారాలు ఎక్కువగా డ్యూటీ. మూడింటికే చీకటి పడ్డట్టు ఉంటుంది, ఫ్రిజ్ శబ్దం తప్ప ఏమీ వినపడదు. ఇక్కడైతే టీ ఇచ్చే ఆవిడ, చక్కెర వద్దు కదూ అని తనే అంటుంది. నేను వద్దన్నది ఎప్పుడో ఒకసారి, గుర్తు పెట్టుకుంది. సరే, అదలా ఉంచండి, తిండి చూపిస్తాను.

ఇది పై. మైదా పిండి గిన్నెలో కూర పెట్టి మూత వేసి బేక్ చేస్తారు, నాది చీజ్, ఉల్లిపాయ. పక్కన మెత్తగా ఉడికించి మెదిపిన బఠాణీ. ఉప్పూ కారం ఏమీ ఉండవు. అందుకే ఈ నారింజ రంగు లేబుల్ సీసా! హెండర్సన్స్ రెలిష్, 1885 నుంచీ షెఫీల్డ్‌లోనే తయారవుతోంది. వెనకాల చదవండి, చింతపండు, లవంగాలు, మిరప, వెల్లుల్లి. చింతపండండీ! చూడ్డానికి చేపలు వేసి చేసే వూస్టర్ సాస్‌లా ఉంటుంది గానీ ఇందులో చేపలు లేవు, శాకాహారులు దర్జాగా పోసుకోవచ్చు. మా ఇంట్లో ఫ్రైడ్ రైస్‌లోకి ఇదే, అత్తయ్యగారు వినకూడదు. ఇక్కడివాళ్లకి దీని మీద ఉన్న అభిమానం మనకి ఆవకాయ మీద ఉన్నంత ఉంటుంది.

ఎక్కడున్నాం? కథలో 1862. డిసెంబర్ 29న కింద పట్టణంలో బ్రామల్ లేన్ అనే గ్రౌండ్‌లో మళ్లీ ఈ రెండు జట్లే, ఈసారి చందాల మ్యాచ్. అమెరికాలో అంతర్యుద్ధం వల్ల పత్తి రాక లాంకషైర్ మిల్లులు మూతపడి జనం పస్తులుంటే, వాళ్ల సహాయ నిధికి. మనకిది దూరం సంగతి కాదు. అదే కరువు వల్ల ఇండియా పత్తికి రేటు లేచింది, మన గుంటూరు వైపు పత్తి కాకినాడ రేవులో ఓడలెక్కింది. బాబాయ్ వాళ్లది పత్తి చేను కాబట్టి చెప్తున్నా. ఇక మ్యాచ్‌లో ఏమైందంటే, పుణ్యం కోసం మొదలెట్టిన ఆట కొట్లాటలోకి దిగింది. హాలమ్ ఆటగాడు వాటర్‌ఫాల్‌కీ, పట్నం క్రెస్విక్‌కీ మధ్య మాటా మాటా పెరిగి, వాటర్‌ఫాల్ వెయిస్ట్‌కోటు విప్పి విసిరేసి మీదికి వెళ్లాడు. చొక్కా చేతులు మడిచే అలవాటు ఏ ఊళ్లో లేదు చెప్పండి! గోల్స్ మాత్రం ఎవరూ వేయలేదు.

అయిదేళ్లలో కప్పు కొట్టారు. థామస్ యూడన్ అని నాటకశాల యజమాని ఒకాయన పోటీ పెట్టాడు, పన్నెండు జట్లు. ఇప్పుడు మనం గొప్పగా చెప్పుకునే ఎఫ్‌ఏ కప్, అదే ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్బుల పెద్ద పోటీ, అప్పటికింకా పుట్టలేదు, అది 1871లో మొదలైంది. 1867 మార్చి 5న ఫైనల్ బ్రామల్ లేన్‌లో, మూడు వేల మంది జనం. నార్‌ఫోక్ అనే జట్టు మీద హాలమ్ గెలిచింది, అదీ గోల్ లేకుండా! అప్పటి షెఫీల్డ్ రూల్స్‌లో గోల్ పోస్టుల మధ్య పన్నెండు అడుగులే. వాటికి రెండు పక్కలా పన్నెండేసి అడుగుల దూరంలో జెండాలు పాతేవారు. బంతి గోల్‌లోకి పోకుండా ఆ జెండాల మధ్య నుంచి పోయాక, కొట్టిన జట్టు వాళ్లు వెళ్లి దాన్ని ముందుగా ముట్టుకుంటే 'రూజ్'. గోల్స్ సమానమైతే రూజ్‌లు లెక్క. హాలమ్‌కి అవే కలిసొచ్చాయి.

ఆ కప్పు తర్వాత పోయింది. కొన్ని దశాబ్దాల పాటు ఎక్కడుందో తెలీదు. 1997లో స్కాట్లాండ్‌లో పాత వస్తువులు సేకరించే ఒకాయన దగ్గర బయటపడితే, క్లబ్బు వాళ్లు రెండు వేల పౌండ్ల దాకా పెట్టి కొనుక్కున్నారు. తమ కప్పు తామే కొనుక్కోవడం! రెండున్నర లక్షల లోపే అనుకోండి. 2014లో బీబీసీ పాత వస్తువుల కార్యక్రమంలో దానికి కట్టిన విలువ లక్ష పౌండ్లు, మన డబ్బుల్లో కోటి దాటింది.

ఇక్కడ నాకు అనిపించేది చెప్పేస్తాను, బాబాయ్ కోప్పడినా సరే. మా ఊళ్లో మంచి వాలీబాల్ టీమ్ ఉండేది. కుర్రాళ్లు బీటెక్‌లు అయిపోయి హైదరాబాద్, బెంగళూరు వెళ్లారు, టీమ్ పోయింది. వీళ్ల క్లబ్బు కూడా 1886లో మూతపడింది, ఏడాదికే మళ్లీ తెరిచారు. వీళ్లకి ఆటగాళ్లు పోతే ఇంకొకళ్లు వస్తారు, ఎందుకంటే టికెట్లు చింపేవాళ్లు, టీ కాచేవాళ్లు, గీతలు గీసేవాళ్లు కదలరు. వాళ్లలో చాలామందికి జీతం కూడా లేదు. మన పోటీల్లో ఆ పనులన్నిటికీ బాబాయ్ ఒక్కడే, స్టేజీ మీద శాలువాలు కప్పించుకునేవాళ్లు మాత్రం పదిమంది. ఇక్కడ స్టేజీయే లేదు.

రెండో సగం మొదలైంది. ఇప్పుడు మనవాళ్లకి వాలు కలిసొచ్చే వైపు, చూద్దాం. ఒక్క నిమిషం, బాబాయ్ వీడియో కాల్.

"అమ్మాయ్, గ్రౌండ్ ఎంత ఉంటుంది, రెండెకరాలు ఉంటుందా?"

"ఉంటుంది బాబాయ్."

"అక్కడ ఎకరం ఎంత?"

"నాకేం తెలుసు? బోలెడు."

"ఇంకా అపార్ట్‌మెంట్లు కట్టలేదా?"

లేదు బాబాయ్. గోల్! గోల్ కొట్టారండీ, ఫోన్ మాట్లాడుతూ నేను చూడలేదు, మీరైనా వెనకాల వీడియోలో చూసుంటే ఎవరు కొట్టారో కామెంట్‌లో చెప్పండి. ఉంటాను మరి, బై.